హార్విలా సంతకం పెట్టిన రోజు

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి నా కాంట్రాక్టు సంగతి తేలాల్సి ఉంది. తొమ్మిదింటికి ఆఫీసుకు వచ్చినప్పటి నుంచి మంచినీళ్ళకని మూడుసార్లు లేచాను. మూడుసార్లూ సీసా నిండుగానే ఉంది.

"అఖిలమ్మా, ఇవాళ ఆ నీళ్ళ మిషనుకి కూడా ఓవర్‌టైం ఇవ్వాలి," అన్నాడు పక్క సీటు బుల్లిబాబు. ఆయనది అమలాపురం. పర్మినెంటు ఉద్యోగి. ఆయనకు అది మామూలు గురువారం.

మా ఆఫీసు మాదాపూర్‌లో ఒక అద్దాల భవనం ఆరో అంతస్తులో ఉంది. మేం చేసేది ఐస్ హాకీ పని. మంచు గడ్డ కట్టించిన మైదానం మీద, కాళ్ళకు కత్తులున్న బూట్లు తొడుక్కుని, కర్రలతో ఆడే ఆట. ఆ మంచును నేను ఎన్నడూ తాకలేదు గాని దాదాపు ఏడాదిగా తెర మీద రోజూ చూస్తున్నాను. ఒక్కొక్కడు నలభై, నలభై అయిదు సెకన్లు ఆడి, రొప్పుతూ వచ్చి బెంచీ మీద పడతాడు. పడిన తీరు చూసి ఎవడు ఎంత అలిసిపోయాడో ఇప్పుడు చెప్పగలను.

కెనడాలో ఆటగాళ్ళ తరఫున క్లబ్బులతో బేరం చేసే ఏజెంట్లు ఉంటారు. ఒక కుర్ర ఆటగాడి ఒప్పందం పొడిగించే సమయం వచ్చిందంటే, అదే వయసులో, అదే మాదిరిగా ఆడే మరో అయిదారుగురు ఎంతకు సంతకం పెట్టారో చూసి, ఇతనికి ఎంత అడగాలో లెక్క కడతారు. ఆ పోలిక పట్టిక మేం తయారుచేసి పంపుతాం. మా బాపు ఈ పని గురించి తను కాపలా ఉండే గేటు దగ్గర వాళ్ళకు "మా బిడ్డ ఆటగాండ్ల జీతాలు రాస్తది" అని చెబుతాడు. ఆటగాళ్ళంటే క్రికెట్ వాళ్ళే అనుకుంటారు అక్కడివాళ్ళు. బాపు దిద్దడు.

నా కాంట్రాక్టు పదకొండు నెలలది. ఆ నెలాఖరుతో అయిపోతుంది. మేం అయిదుగురం కాంట్రాక్టు వాళ్ళం. పొడిగింపు లెటర్లు మూడే వస్తాయని అంతా గుసగుసలు. ఎవరికివ్వాలో తేల్చడానికి మాకూ ఒక పట్టిక ఉంది. అందులో ఒక గడి పేరు "ఏడాదిలో బయటపడ్డ తప్పులు". ఆ గడి మేమే నింపాలి, టీమ్ లీడ్ సంతకం పెట్టాలి. నేను సున్నా వేశాను. మా టీమ్ లీడ్ కృష్ణప్రియ గారు అది చూసి, "ఈ సున్నా చాలమ్మా. నీ కోసం నేనింక వాదించే పనే లేదు," అన్నారు.

ఇంట్లో కూడా ఆ సున్నా మీదే నమ్మకం పెట్టుకున్నాం. బాపు పుప్పాలగూడలో ఒక అపార్టుమెంటుకు సెక్యూరిటీ. పోయిన నెల ఏజెన్సీ మారింది. కొత్తవాళ్ళు యాభై దాటినవాళ్ళను ఒక్కొక్కరినే పక్కన పెడుతున్నారు. బాపుకు యాభై మూడు. అమ్మ హౌస్‌కీపింగ్ పని మోకాళ్ళ నొప్పుల వల్ల జూన్‌లోనే మానేసింది. నా లెటర్ రాకపోతే ఆ వచ్చే నెల గది కిరాయి ఎక్కణ్ణుంచి వస్తుందో మా ముగ్గురిలో ఎవరం పైకి అనలేదు.

ఆ రోజు నా చేతిలో ఉన్నది చిన్న పనే. ఓవెన్ టాల్బెక్ అనే ఇరవై రెండేళ్ళ ఆటగాడికి పోలిక పట్టిక అంతకు ముందు రోజే పంపేశాం. ఆ పట్టిక చూసి ఏజెంట్ గ్రాహం, క్లబ్ ఇస్తానన్నది చాలదని నిర్ణయించుకున్నాడు. క్లబ్ ఏడేళ్ళ ఒప్పందం ఇస్తానంది, ఏడాదికి తొంభై ఎనిమిది లక్షల డాలర్లు. గ్రాహం అడగబోయేది కోటీ నాలుగు లక్షలు. క్లబ్ పెట్టిన గడువు ఆ రోజు వాళ్ళ పొద్దున పదింటికి, అంటే మాకు సాయంత్రం ఏడున్నరకు ముగుస్తుంది. ఆ తరవాత ఏడేళ్ళ మాట వెనక్కి తీసుకుంటామని, కుర్రవాడు ఒప్పందం లేకుండా ఇంట్లో కూర్చోవచ్చని క్లబ్ గట్టిగానే చెప్పింది.

టాల్బెక్ వాళ్ళ అమ్మకు పట్టికలు అర్థం కావట. తన కొడుకును ఎవరెవరితో పోలుస్తున్నారో వాళ్ళ మొహాలు చూడాలందట. అందుకని ఆ ఆరుగురివీ సంతకం పెట్టిన రోజు ఫొటోలు పెట్టి, ఒక్కొక్కరి కింద ఒక వాక్యం రాసి, పెద్ద అక్షరాలతో ఒక పేజీ కావాలని గ్రాహం అడిగాడు. నాకు ఆవిడ నచ్చింది. నేనైనా అదే అడుగుతాను.

మొదటి పేరు మికా హార్విలా. ఫిన్లాండు కుర్రాడు. వాళ్ళ క్లబ్బు వెబ్‌సైటులో ఫొటో దొరికింది. సరస్సు ఒడ్డున చెక్క బల్ల. బల్ల మీద కాగితాలు. హార్విలా పొట్టి లాగులో, ఒట్టి కాళ్ళతో కూర్చుని సంతకం పెడుతున్నాడు. పక్కన వాళ్ళ అమ్మ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. వెనకాల చెట్ల నిండా ఆకులు. కింద గడ్డి పచ్చగా ఉంది.

ఫొటో పేజీలో అతికించి, కింద వాక్యం రాయడానికి పట్టిక తెరిచాను. హార్విలా సంతకం తేదీ: జనవరి ఏడు.

మళ్ళీ ఫొటో చూశాను.

జనవరిలో ఆ దేశాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. పోయిన జనవరిలో ఆరుబయట జరిగిన ఒక మ్యాచ్ మూడుసార్లు చూశాను. ప్రేక్షకుల నోళ్ళలోంచి పొగ, కనుబొమల మీద మంచు. జనవరి ఏడున ఫిన్లాండులో ఎవరూ ఒట్టి కాళ్ళతో గడ్డి మీద కూర్చోరు.

పాత ఫొటో అయి ఉంటుందిలే అనుకున్నాను. అది పాతదే కావాలని గట్టిగా కోరుకున్నాను. వార్త తెరిచాను. హార్విలా జూలై ఒకటిన సంతకం పెట్టాడు.

పట్టికకు తేదీలు వచ్చిన అసలు జాబితా తెరిచాను. అందులో 07/01 అని ఉంది. ఆ జాబితా తెచ్చి మా పాత పట్టికలోకి ఎక్కించింది నేనే, చేరిన రెండో నెలలో. టాల్బెక్ పట్టికకు వరుసలు అందులోంచే తీశాను. మూడో తరగతి నుంచి నోట్‌బుక్‌లో కుడివైపు పైన ముందు తేదీ, తరవాత నెల, తరవాత సంవత్సరం రాసినదాన్ని. ఏడు అంటే ఏడో తేదీ, ఒకటి అంటే మొదటి నెల అని చదివాను. నా కంప్యూటరూ అలాగే చదివింది. వాళ్ళు నెల ముందు రాస్తారు.

మిగతా అయిదుగురివీ చూశాను. జూలై ఒకటిన సంతకం పెట్టిన ఇంకొకడు కూడా జనవరి ఏడు అయ్యాడు. జూలై రెండు ఫిబ్రవరి ఏడు అయింది. జూలై మూడు మార్చి ఏడు అయింది. చివరి ఇద్దరివి 08/13, 09/22. పదమూడో నెల, ఇరవై రెండో నెల ఉండవు కాబట్టి కంప్యూటర్ ఒప్పుకోలేదు. ఆ రెండూ అప్పట్లో నేనే చేత్తో సరిచేశాను. అప్పుడైనా మిగతావాటి మీద అనుమానం రాలేదు. సీజన్ మధ్యలో సంతకాలు పెట్టడం ఆ ఆటలో మామూలే.

తేదీ మారితే ఏమవుతుందంటే అంతా అవుతుంది. ఒక జట్టు తన ఆటగాళ్ళందరికీ కలిపి ఇంతకు మించి ఇవ్వకూడదని లీగ్ ఏటా ఒక పరిమితి పెడుతుంది. ఆ పరిమితి ప్రతి ఏడూ పెరుగుతుంది కాబట్టి జీతాలను నేరుగా పోల్చకూడదు. సంతకం పెట్టిన సీజన్ పరిమితిలో ఆ జీతం ఎన్నో వంతో చూసి పోల్చాలి. కొత్త సీజన్ లెక్క జూలై ఒకటిన మొదలవుతుంది. హార్విలా జీతం ఎనభై ఎనిమిది లక్షలు. జనవరిలో పాత పరిమితి ఎనిమిది కోట్ల ఎనభై లక్షలు కాబట్టి నేను సరిగ్గా పది శాతం చూపించాను. జూలైలో పరిమితి తొమ్మిది కోట్ల యాభై అయిదు లక్షలు. అప్పుడు అది తొమ్మిదీ పాయింట్ రెండే. నాలుగు తేదీలు సరిచేస్తే ఆరుగురి సగటు పది నుంచి తొమ్మిదిన్నరకు దిగుతుంది. ఈ ఏడాది పరిమితి పది కోట్ల నలభై లక్షలు. దాంతో కాగితం మీద లెక్క వేసుకున్నాను. టాల్బెక్‌కు రావలసింది తొంభై ఎనిమిదిన్నర లక్షల దగ్గర.

క్లబ్ ఇస్తానన్నది దాదాపు అదే. న్యాయమైన మాటను చాలదనిపించింది నా పట్టిక.

"ఏంటమ్మా, మొహం అలా పాలిపోయింది? లెటర్ గాని ముందే వచ్చేసిందా?" అన్నాడు బుల్లిబాబు.

నేను తెర ఆయన వైపు తిప్పాను. ముందు ఫొటో చూపించాను, తరవాత తేదీ. రెండు నిమిషాలు పట్టింది ఆయనకు. కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"అయితే చెప్పకు. నువ్వేం చూళ్ళేదు. ఈ ఫొటో తీసేసి, హెల్మెట్ పెట్టుకున్నది ఇంకోటి పెట్టు."

"ఆ అబ్బాయి ఒప్పందం పోతుందేమో కదండీ."

"ఎక్కడికి పోతుందమ్మా? ఏజెంటన్నవాడు పది అడుగుతాడు, క్లబ్బువాడు ఎనిమిదంటాడు, తొమ్మిదికి కాఫీ తాగుతారు. వాడికి తొంభై ఎనిమిది లక్షల డాలర్లు వచ్చినా, అంతకంటే కాస్త తగ్గినా పస్తులుండడు. నువ్వుంటావు. ముందు నాలుగింటికి లెటర్ తీసుకో. తీరిగ్గా సోమవారం 'అయ్యో, ఇలా జరిగిందేంటండీ' అను. నేను కూడా అయ్యో అంటాను, నీకు తోడు."

ఆయన నవ్వించాలని అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన కూడా నవ్వలేదు.

ఒంటి గంట దాటాక బాపు ఫోన్ చేశాడు. గేటు దగ్గర కారు హారన్లు వినిపిస్తున్నాయి.

"ఏమాయె బిడ్డా, కాయితం ఇచ్చిండ్రా?"

"ఇంక ఇయ్యలే బాపు. నాలుగింటికి."

"గొంతు గట్లెందుకున్నది?"

మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "ఒక తప్పు జేసిన బాపు. ఎవ్వలకు తెల్వది. నాకు ఇయ్యాల్నే కండ్ల వడ్డది."

ఎవరికో గేటు తీసిన చప్పుడు, మళ్ళీ వేసిన చప్పుడు వినిపించాయి.

"పైసల తప్పా?"

"పైసలు మనయి గావు. లెక్క తప్పు."

"జర ఆగు బిడ్డా. ఇయ్యాల ఏం లొల్లి వెట్టుకోకు. కాయితం చేతికి రానీ, అటెన్క చెప్పు. ఈడ నిన్న నాతోటి జేసే లింగమూర్తికి కూడ డూటి బందు వెట్టిండ్రు. రేపు నన్నంటరో ఏమో." ఆయన గొంతులో బతిమాలడం నాకు కొత్త. "నీకు బుద్ధి చెప్తున్న అనుకోకు. నాకు భయమైతున్నది."

సరే బాపు అన్నాను. అన్నందుకు కొంచెం తేలిక కూడా అనిపించింది. సీటు దగ్గరికి వచ్చి, హార్విలా హెల్మెట్ ఫొటో వెతికి, దించుకున్నాను. పేజీలో మాత్రం పెట్టలేకపోయాను. రెండూ పక్కపక్కనే తెర మీద ఉండిపోయాయి.

రెండింటికి కృష్ణప్రియ గారు ఏదో మీటింగు ముగించుకుని వచ్చారు. ఆవిడ భీమవరం వైపు మనిషి. ప్రగతి నగర్ నుంచి రోజూ గంటన్నర ప్రయాణం చేసి వస్తారు. ఎవరినీ గట్టిగా అనగా నేను వినలేదు. ఆవిడకు చెప్పకుండా సాయంత్రం దాకా ఎదురుగా కూర్చోవడం నా వల్ల కాదని అప్పుడు అర్థమైంది. లేచి వెళ్ళి చెప్పాను.

ఆవిడ కూర్చోకుండానే అంతా విన్నారు. తెర మీదకు వంగి నాలుగు తేదీలూ చూశారు.

"దీన్ని పాస్ చేసింది నేనే కదా," అన్నారు.

"ఎక్కించింది నేను మేడమ్."

"ఇప్పుడు అదెందుకులే." వాచీ చూసుకున్నారు. "విను. నాలుగింటికి రివ్యూ. నాలుగున్నరకల్లా నీ లెటర్ మీద తిమ్మప్ప గారి సంతకం అయిపోతుంది. అయిదింటికి నేను గ్రాహంకి మెయిల్ పెడతాను, సారీ, లెక్క మారింది అని. వాళ్ళ గడువు ఏడున్నర. రెండున్నర గంటల టైముంటుంది ఆయనకి. ఆ అబ్బాయికీ నష్టం లేదు, నీకూ లేదు. సరేనా?"

తిమ్మప్ప గారు మా బ్రాంచి పెద్ద. ఆవిడ చెప్పిన దాంట్లో ఎక్కడా వంక కనిపించలేదు. క్లయింటుకు మెయిల్ రాసే హక్కు కూడా టీమ్ లీడ్‌కే ఉంది, మాకు లేదు. నేను చేయగలిగింది చేశాను. సరే మేడమ్ అన్నాను.

మూడు గంటల యాభైకి ఆవిడ రివ్యూ గదిలోకి వెళ్ళారు. ఆ గదిలోకి ఫోన్లు తీసుకుపోకూడదు. గుమ్మం పక్కన ఒక ట్రే ఉంటుంది, అందులో పెట్టి వెళ్ళాలి. ఆవిడ ఫోను మీద పసుపు రంగు కవరు ఉంటుంది. నా సీటు నుంచి అది కనిపిస్తూనే ఉంది.

మూడు యాభై అయిదుకు టీమ్ మెయిల్‌కు గ్రాహం నుంచి రెండు వాక్యాలు వచ్చాయి. "ఏడింటికి క్లబ్‌కు ఫోన్ చేస్తున్నాను. పది శాతం దగ్గర నుంచి కదలనని చెప్పేస్తాను."

అక్కడ ఏడు అంటే ఇక్కడ నాలుగున్నర.

మెయిల్ మళ్ళీ చదివాను. బుల్లిబాబు కూడా తన తెర మీద చదివాడు. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. ఏదో టైపు చేస్తున్నట్టు వేళ్ళు ఆడించాడు గాని తెర మీద ఏమీ పడటం లేదు.

లేచి రివ్యూ గది దాకా నడిచాను. గది అద్దం ఛాతీ ఎత్తు వరకు మసకగా ఉంటుంది, ఆ పైన లోపలివాళ్ళు కనిపిస్తారు. గోడ మీది తెర మీద నా పేరు ఉంది. కృష్ణప్రియ గారు దాని పక్కనే నిలబడి తిమ్మప్ప గారికి ఏదో చెబుతున్నారు. ఆవిడ వేలు నా సున్నా మీద ఉంది. నేను తలుపు కొట్టడానికి చెయ్యి ఎత్తాను. ఆవిడ నన్ను చూశారు. చూసి, మిగతావాళ్ళకు తెలియనంత మెల్లగా తల అడ్డంగా ఊపారు. ఇప్పుడు కాదు, ఆగు అని.

చెయ్యి దించి వచ్చేశాను. నాలుగూ పది.

గ్రాహంకు పంపిన పట్టికను వాళ్ళూ మేమూ ఒకేసారి నెట్‌లో తెరిచి చూడవచ్చు. వాళ్ళలో ఎవరైనా తెరిస్తే వాళ్ళు ఏ గడి మీద ఉన్నారో రంగు చట్రం, పేరు కనిపిస్తాయి. నేను తెరిచేసరికి గ్రాహం అందులో ఉన్నాడు. ఆకుపచ్చ చట్రం టాల్బెక్ పేరు మీద నుంచి మెల్లగా కిందికి దిగుతోంది. ఒక్కో వరుస దగ్గర ఆగుతోంది. ఫోన్ చేసే ముందు అంకెలు వల్లె వేసుకుంటున్నాడని తెలుస్తోంది. హార్విలా వరుసలో పది శాతం దగ్గర ఎక్కువసేపు నిలబడింది.

ఎక్కడో ఒక మనిషి, పొద్దున్నే లేచి, నేను రాసిన తప్పును కంఠతా పడుతున్నాడు. నేను చూస్తూ కూర్చున్నాను.

మెయిల్ రాసే హక్కు నాకు లేదు. పట్టిక మాత్రం నాది. దాన్ని దిద్దవద్దని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఎవరు దిద్దారో పక్కన పేరుతో సహా పడుతుంది కాబట్టి చెప్పాల్సిన అవసరం రాలేదు.

హార్విలా తేదీ గడిలోకి వెళ్ళాను. జనవరి ఏడు చెరిపి జూలై ఒకటి రాశాను. పక్క గడిలో పది మాయమై తొమ్మిదీ పాయింట్ రెండు వచ్చింది. ఆకుపచ్చ చట్రం కదలకుండా నిలిచిపోయింది. రెండోది దిద్దాను. మూడోది. నాలుగోది. అడుగున సగటు తొమ్మిదిన్నర అయింది. పది కేవలం నా కళ్ళలో మిగిలింది.

పక్కన వ్యాఖ్య రాసే చోట, నాకు వచ్చిన ఇంగ్లీషులో, ఇలా రాశాను: నాలుగు తేదీలు నేను తిరగేసి చదివాను. మీరు నెల ముందు రాస్తారు, మేం రోజు ముందు రాస్తాం. తప్పు నాది. ఇప్పుడు ఉన్నవి సరైనవి. అఖిల.

ఒక నిమిషం దాకా ఏమీ రాలేదు. తరవాత ఒక్క మాట వచ్చింది. ఖాయమేనా?

ఖాయం అని రాసి, నాలుగు తేదీలకూ వార్తల లింకులు పెట్టాను. హార్విలా ఫొటో కూడా పెట్టాను. గడ్డి మీదది.

ఆకుపచ్చ చట్రం మాయమైంది. నాలుగూ ఇరవై మూడు.

"దిద్దేశావా?" అన్నాడు బుల్లిబాబు, నా వైపు చూడకుండానే.

"ఆ."

"నీ పేరుతోనే?"

"ఇంకెవరి పేరుతో అండీ?"

ఆయన లేచాడు. నా సీసా తీసుకుని వెళ్ళి, నిండుగా ఉన్నదాన్నే మళ్ళీ నింపుకొచ్చి పెట్టాడు.

నాలుగూ నలభైకి రివ్యూ గది తలుపు తెరుచుకుంది. కృష్ణప్రియ గారు చేతిలో తెల్ల కవరుతో, మొహం విప్పార్చుకుని వచ్చారు. నా దగ్గరికి రాకముందే నా మొహం చూసి నడక తగ్గించారు. నేను తెర చూపించాను. ఆవిడ నిలబడే చదివారు.

"ఒక్క అరగంట ఆగలేకపోయావా తల్లీ?"

"ఆయన నాలుగున్నరకే ఫోన్ చేస్తానన్నాడు మేడమ్. మెయిల్ పెట్టాడు."

ఆవిడ తన ఫోను తీసి మెయిల్ చదువుకున్నారు. మళ్ళీ చదువుకున్నారు. కవరు పైకెత్తి చూపించారు.

"ఇందులో ఏడాది పొడిగింపు ఉంది," అన్నారు మెల్లగా. "సంతకం కూడా అయింది. ఇప్పుడు నీ చేతికిస్తే, రేపు ఆ పట్టికలో నీ పేరు చూసి తిమ్మప్ప గారు ముందు నన్ను అడుగుతారు, తెలిసి ఎందుకిచ్చారని. ఇవ్వకపోతే..." ఆ వాక్యం అక్కడే వదిలేశారు. "పద. లోపలికి."

తిమ్మప్ప గారు అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"నువ్వు ఇలా తేదీలు ఎక్కించిన పట్టికలు మొత్తం ఎన్నమ్మా?"

"పదకొండు సార్."

"వాటిలో ఎన్ని డేట్స్ ఉంటాయి?"

"రెండు వందల పద్నాలుగు."

"అందులో ఎన్ని తప్పు?"

"తెలియదు సార్."

"తెలుసుకో. అప్పటిదాకా ఇది నా దగ్గర ఉంటుంది." కవరు తీసుకుని సొరుగులో పెట్టారు. "ఒకటి రెండయితే చూద్దాం. పది దాటితే నేను పైవాళ్ళకి ఏం చెప్పాలి, నువ్వే చెప్పు. ఎవరు చెక్ చేస్తారు?"

"నేనే చేస్తాను సార్."

"నీ తప్పులు నువ్వే వెతికితే నేనెలా నమ్మాలమ్మా?"

"నేను పక్కన కూర్చుంటానండి," అన్నారు కృష్ణప్రియ గారు. "పాస్ చేసింది నేనే కదా, అన్నీ."

"అప్పుడు మీ రివ్యూ షీట్ మీద కూడా పడతాయి. ఆలోచించుకోండి."

"పడనివ్వండి. ఏం చేస్తాం."

బయటికి వచ్చేసరికి గ్రాహం నుంచి మెయిల్ వచ్చి ఉంది. ఏడేళ్ళకు, ఏడాదికి తొంభై ఎనిమిదిన్నర లక్షలకు మాట కుదిరింది. కృతజ్ఞతలు అని లేదు. ఇంకోసారి ఇలా జరిగితే మీతో పని ఆపేస్తామని ఉంది. కృష్ణప్రియ గారు దాన్ని చదివి, ఇంటికి ఫోన్ చేసి, పిల్లలకు అన్నం పెట్టమని అత్తగారికి చెప్పారు. ఆవిడ ఎక్కాల్సిన అయిదుంపావు క్యాబ్ వెళ్ళిపోయింది.

బాపు మళ్ళీ చేశాడు.

"ఇచ్చిండ్రా?"

"ఇయ్యలే బాపు. చెప్పేసిన. పాత లెక్కలన్ని మల్ల చూడమన్నరు."

"చూసినంక ఇస్తరా?"

"తెల్వదు."

"అయ్యో," అన్నాడు. గేటు దగ్గర హారన్ మోగితే, "ఉంటున్న బిడ్డా," అని పెట్టేశాడు.

కృష్ణప్రియ గారు కుర్చీ నా పక్కకు లాక్కున్నారు. ఇద్దరం ఒకే తెర. మొదటి పట్టిక, మొదటి వరుస. నేను వార్త తెరుస్తాను, తేదీ చదువుతాను, ఆవిడ పట్టికలో చూసి ఊ అంటారు. ఎనిమిది వరుసలు ఊ అన్నారు. తొమ్మిదో దాని దగ్గర ఇద్దరం ఒకేసారి ఆగాం. ఆగస్టు నాలుగు, మా దగ్గర ఏప్రిల్ ఎనిమిది అయి ఉంది. ఆవిడ ఎర్ర రంగు వేసి కాగితం మీద ఒకటి అని రాసుకున్నారు. ముందుకు వెళ్ళాం.

పన్నెండు. పదమూడు. పద్నాలుగు. ప్రతి సరైన తేదీ దగ్గర నా గుండె ఒక మెట్టు దిగి, తరవాతి దాని దగ్గర మళ్ళీ ఎక్కుతోంది. పదిహేడో వరుస దగ్గర ఆవిడకు ఇంటి నుంచి ఏదో మెసేజ్ వచ్చింది. తల వంచుకుని జవాబు రాస్తున్నారు. ఆ లోగా నేను పద్దెనిమిదో దాని వార్త తెరిచాను. జూలై అయిదు. పట్టికలో మే ఏడు ఉంది.

ఆవిడ ఇంకా ఫోను చూస్తూనే ఉన్నారు. "ఆ, తరవాతది చదువు," అన్నారు తల ఎత్తకుండానే.

నేను రాయి చుట్టూ నీళ్ళలాగా దాన్ని దాటి పంతొమ్మిదికి వెళ్ళిపోవచ్చు. పట్టికలో ఉన్నదే పైకి చదివినా ఆవిడ ఊ అనేవారు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను.

"మేడమ్," అన్నాను, "ఇక్కడొకటి ఉంది, చూడండి."